విశ్వాసం, విధానం: జిమ్మీ కార్టర్ పాలన

స్నాతకోత్సవ ప్రసంగాలు సాధారణంగా ఆ సాయంత్రానికే మరుగున పడతాయి గానీ, 1977 మే 22న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ పట్టభద్రుల ముందు అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చేసిన ప్రసంగం మాత్రం, కమ్యూనిజంపై మితిమీరిన భయం తమ దేశాన్ని నియంతల పక్షాన నిలిపిందని ఒప్పుకుని, మానవ హక్కులను విదేశాంగ విధానానికి మూలసూత్రంగా ప్రకటించి, చరిత్రలో నిలిచింది.

ఆ ప్రకటన వెనుక జార్జియా రాష్ట్రంలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊరూ, అక్కడి బాప్టిస్టు సంప్రదాయమూ ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు అమెరికన్ మిషనరీల ద్వారా చిరపరిచితమైన ఈ సంప్రదాయం, విశ్వాసాన్ని తెలిసి అంగీకరించినవారికే బాప్తిస్మం ఇస్తుంది. మనిషి అంతరాత్మపై రాజ్యానికి అధికారం లేదంటుంది. వేరుశనగ రైతు, ఆదివారం బైబిలు పాఠాలు చెప్పే బోధకుడు అయిన కార్టర్ ఆ మాటను ఎంత నిక్కచ్చిగా పాటించారంటే, మాజీ అధ్యక్షుడు నిక్సన్ హయాంలో శ్వేతసౌధంలో జరిగిన ఆరాధనలను కొనసాగించక, తామే వాషింగ్టన్‌లోని చర్చికి వెళ్లేవారు. భక్తుడైన పాలకుడు రాజ్యాన్ని మతానికి అప్పగిస్తాడన్న అంచనా ఆయన విషయంలో తప్పింది.

ఆ విశ్వాసం ఫలించినది 1978 సెప్టెంబరులో, అధ్యక్షుడి విడిది క్యాంప్ డేవిడ్‌లో. యూదుడైన ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, ముస్లిం అయిన ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ముఖాముఖి కూర్చోలేని స్థితికి రాగా, కార్టర్ 13 రోజులపాటు ఒకరి బస నుంచి మరొకరి బసకు తిరుగుతూ, ముసాయిదాలను స్వయంగా దిద్దుతూ, సామాను సర్దుకున్న సాదత్‌ను ఆపి, ఒప్పందాన్ని సాధించారు. పాలస్తీనీయుల సమస్య పరిష్కారం కాలేదు. ఆ రెండు దేశాల మధ్య మాత్రం మళ్లీ యుద్ధం రాలేదు.

అయితే 1977 చివరి రాత్రి టెహ్రాన్ విందులో, రహస్య పోలీసుల దమనకాండకు పేరుమోసిన ఇరాన్ షాను ఆయన కీర్తించడం స్వీయ సూత్రానికే విరుద్ధం. 1979 జులైలో ఇంధన కొరతకు విరుగుడుగా జాతికి ఆత్మపరిశీలన బోధించినప్పుడు, ప్రజలు మొదట ఆదరించినా, త్వరలోనే పాలకుడి చోట బోధకుణ్ణి చూసి విసిగిపోయారు. విశ్వాసం కార్టర్‌కు ఓర్పునిచ్చిందే గాని, రాజకీయ చతురతను ఇవ్వలేదు.

షా పాలన కూలాక, టెహ్రాన్‌లోని అమెరికా దౌత్య కార్యాలయంలో అమెరికన్లు బందీలైనప్పుడు కూడా, 1980 ఏప్రిల్‌లో 8 మంది సైనికులను బలిగొన్న రక్షణ యత్నం తర్వాత ఆయన యుద్ధానికి దిగక సంప్రదింపులనే ఆశ్రయించి, ఎన్నికల్లో రీగన్ చేతిలో ఓడిపోయారు. చివరి 52 మంది బందీలు 444 రోజుల తర్వాత ప్రాణాలతో విడుదలైనది 1981 జనవరి 20న, రీగన్ ప్రమాణ స్వీకారం ముగిసిన కొద్ది నిమిషాలకు. అప్పటికి కార్టర్ మాజీ అధ్యక్షుడు.