చెరగని దస్తావేజు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



2023వ సంవత్సరము జూన్ నెలలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఒక తీర్పును తెలుగున వెలువరించినది. సికింద్రాబాదు చెంతనున్న మచ్చబొల్లారములోని తల్లి భూమిని గురించి అన్నదమ్ముల నడుమ పుట్టిన తగవది. జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక గారల ధర్మాసనము ఆ తీర్పు నిచ్చినది. రాజ్యాంగపు 348వ అధికరణమును బట్టి ఉన్నత న్యాయస్థానముల భాష ఇంగ్లీషు. అందుచేత సామాన్యుడైన కక్షిదారు తానెందుకు గెలిచెనో, ఎందుకు ఓడెనో వకీలు నోట వినవలసినదేగాని స్వయముగా చదువుకొనుటకు వీలులేదు. ఆ అన్నదమ్ములకు మాత్రము ఆ వీలు కలిగినది.

అందరికిని అట్టి వీలు కలిగించుటకు న్యాయమూర్తుల కాలము చాలదు. అందుకే సుప్రీంకోర్టువారు 2019 నవంబరులో ‘సువాస్’ అను అనువాద యంత్రమును ప్రవేశపెట్టిరి. కృత్రిమ మేధ యనబడు విద్యచే పనిచేయు ఈ సాధనము ఇంగ్లీషు తీర్పులను తెలుగు మున్నగు దేశభాషలలోనికి మార్చును. మార్చినదానిని మనుష్యులు సరిచూతురు. అయినను, అనువాదము కక్షిదారు తెలిసికొనుటకు మాత్రమేననియు, ప్రమాణము ఇంగ్లీషు ప్రతియేననియు దానిపై వ్రాసియుండును. ఈ జాగ్రత్త వృథాకాదు. ‘దావా’ యను మాటకును ‘అప్పీలు’ అను మాటకును గల భేదము యంత్రము ఒకచోట మరచినచో చదువరి గ్రహింపలేడు.

వకీళ్ల కార్యాలయములలో ఈ కృత్రిమ మేధ మరింత వేగముగా ప్రవేశించినది. పూర్వము జూనియరు వకీలు ఒక పాయింటుకై ఆలిండియా రిపోర్టరు సంపుటములను దినములతరబడి తిరగవేసెడివాడు. ఆ తిరగవేయుటలోనే అతనికి శాస్త్రము పట్టుబడెడిది. వెదకినది దొరకకున్నను, వెదకనిది నాలుగు దొరికెడివి. నేడు ప్రశ్న అడిగిన అరనిముసములో జవాబు వచ్చుచున్నది. నోటీసు, అర్జీ, కౌలు ఒప్పందము, ఏది కావలెనన్న దాని ముసాయిదా సిద్ధము. ఖర్చు తగ్గినచో పేద కక్షిదారునకు మేలే. అయితే ఆ జవాబులో ఒక చిక్కు గలదు. ఈ యంత్రము పుస్తకము తెరచి చూచి చెప్పునది కాదు. కోట్లకొలది వాక్యములు చదివిన అలవాటుచొప్పున, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో లెక్కగట్టి చెప్పునది. అందుచేత లేని తీర్పునకు సహితము పేరును, సంవత్సరమును, పుట సంఖ్యను అమర్చి ఉన్నట్లే వ్రాయగలదు.

2023లో న్యూయార్కు నగరమున ఒక విమానయాన సంస్థపై వేసిన దావాలో ఇట్టి లేని తీర్పులను దాఖలు చేసిన వకీళ్లకు న్యాయమూర్తి అయిదువేల డాలర్లు జుల్మానా విధించెను. అది దూరదేశపు ముచ్చట యని తోసిపుచ్చరాదు. 2024 డిసెంబరులో బెంగుళూరు ఆదాయపు పన్ను ట్రిబ్యునలు ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు ఉదహరింపబడగా, దానిని వెనుకకు తీసికొనవలసి వచ్చినది. విజయవాడలోని ఒక సివిలు న్యాయస్థానపు 2025 నాటి ఉత్తర్వు విషయమున సరిగా ఇదే ఆక్షేపణ బయలుదేరి సుప్రీంకోర్టు వరకు పోయినది. కేరళ ఉన్నత న్యాయస్థానమువారు 2025 జూలైలో తమ జిల్లా న్యాయస్థానములకు ఒక కట్టడి చేసిరి: నిర్ణయము చేయుటకుగాని తీర్పు చెప్పుటకుగాని ఈ యంత్రములను వాడరాదు. ఇది మంచి కట్టడి. వకీళ్లకు గూడ ఇట్టి కట్టడి యుండుట అవసరము.

ఇక రెండవ విషయము బ్లాక్‌చైన్. పేరు కొత్తదేగాని సంగతి తెలిసికొనుట కష్టము కాదు. 1984 వరకు ఊరి భూముల లెక్క కరణము చేతిలో నుండెడిది. పుస్తకము ఒక్కటే, అది అతని యింటిలో. అదే లెక్కను ఊరిలో ఇరువది యిండ్లయందు ఒకేమారు వ్రాసి, ప్రతి పుటకును అంతకుముందు పుట యొక్క ముద్రను తగిలించిరనుకొనుడు. ఒక యింటిలో అంకె దిద్దినచో ఆ పుట ముద్ర మారును; తరువాతి పుటలు దానితో పొసగవు; తక్కిన పందొమ్మిది యిండ్లవారు వెంటనే పట్టుకొందురు. బ్లాక్‌చైన్ అనగా కంప్యూటర్లలో సాగు ఇట్టి లెక్కయే. ఆ ముద్రను ‘హ్యాష్’ అందురు. అది ఎలక్ట్రానిక్ పత్రమునకు వేలిముద్రవంటిది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యముగా దాఖలు చేయునపుడు జతపరచు సర్టిఫికెటులో ఈ హ్యాష్‌ను పేర్కొనవలెను. ఫోనులోని ఫొటోయైనను సరే, ఈ సంగతి తెలియని ప్లీడరు నేడు సాక్ష్యము పెట్టలేడు.

ఈ లెక్కమీద ఒప్పందమునే నడిపించుటను ‘స్మార్ట్ కాంట్రాక్టు’ అందురు. షరతు నెరవేరినదా, సొమ్ము తనంతట తానే చేతులు మారును. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖవారు చీటీల పర్యవేక్షణకై ‘టి-చిట్స్’ అను పేర బ్లాక్‌చైన్ పద్ధతిని తెచ్చిరి. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము ఉండియు, రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీచేసి పోయిన చీటీలవారి కథలు వినని ఊరు లేదు. ఎవరు పాట పాడిరి, ఎంత తగ్గించి పాడిరి, ఎవరికెంత ముట్టినది యను లెక్క చెరపరానిదైనచో ఆడపడుచుల కూడబెట్టిన సొమ్మునకు రక్షణయే.

కాని ఒక ఉదాహరణము చూడుడు. ఒక సభ్యురాలు గడువునాడు కిస్తు పంపినది. బ్యాంకు సర్వరు పనిచేయక సొమ్ము మరునాడు చేరినది. చీటీ యజమాని మనిషియైనచో రశీదు చూచి ఊరకుండును. యంత్రము ఊరకుండదు, జుల్మానా పట్టుకొనును. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 74వ సెక్షను, ఒప్పందములో ఎంత జుల్మానా వ్రాసికొన్నను న్యాయమైన పరిహారమునకు మించి ఇప్పింపరాదనుచున్నది. మోసముచేతగాని బలవంతముచేతగాని పొందిన సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదని అదే చట్టము 14వ సెక్షనులో గలదు. సొమ్ము చేతులు మారిన పిమ్మట ఈ సెక్షన్లను పట్టుకొని కోర్టుకు పోవలసినది ఎవరు? పోగొట్టుకొన్నవారే. పూర్వము సొమ్ము రావలసినవాడు దావా వేసెడివాడు. ఇపుడు ఆ భారము రెండవవానిపై బడుచున్నది. వానకు బీమా ఒప్పందము చేసికొన్న రైతు సంగతియు ఇంతే. వాన కురియలేదని యంత్రమునకు చెప్పువాడెవడు? మండల కేంద్రములోని వానమాపకము చెప్పినచో, ఆ వాన ఆ రైతు పొలమున కురిసినదో లేదో!

వ్రాత చెరగకుండుట వేరు, వ్రాత నిజమగుట వేరు. ఈ భేదమును తెలంగాణ రైతులు ‘ధరణి’ నాడు అనుభవపూర్వకముగా నేర్చిరి. 2020 అక్టోబరు 29న ఆరంభమైన ఆ పోర్టలు బ్లాక్‌చైన్ కాదు. అయినను పాఠమొక్కటే. రిజిస్ట్రేషనును, పేరు మార్పిడియును ఒకేపూట జరిగి, తిరుగుడు తగ్గినమాట నిజము. అయితే పట్టాభూమి పొరపాటున నిషేధిత జాబితాలో చేరినవారు, విస్తీర్ణము తగ్గి పడినవారు తహసీలుదారు నడుగగా, దిద్దు అధికారము తనకు లేదనెను. 2020 నాటి చట్టములో అప్పీలు లేదు. సివిలు కోర్టే దిక్కు. గుంట భూమికై కోర్టు ఖర్చు భరింపగలవాడెవడు? 2025 ఏప్రిల్ 14న దానిస్థానమున వచ్చిన ‘భూభారతి’ చట్టముక్రింద ఆర్డీవోకును, కలెక్టరుకును అప్పీలు చేసికొను హక్కు మరల కలిగినది.

అందుచేత వకీలు పని తగ్గిపోవునని చెప్పువారి మాట పూర్తిగా నమ్మదగినది కాదు. ఆ పని ఒకచోటినుండి మరొకచోటికి జరుగుచున్నది. తగవు వచ్చిన పిమ్మట వాదించుటకన్న, వ్రాతకు ముందే సర్వే నంబరు సరిచూచుట, షరతును తెలుగున చదివి వినిపించుట, తప్పును దిద్దు మార్గము ఒప్పందములో గలదా యని అడుగుట ముఖ్యమైన పనులగుచున్నవి. రిజిస్ట్రారు కార్యాలయము చెంత కూర్చుండు దస్తావేజు లేఖరికి గూడ ఇందు భాగము గలదు. ‘సరే’ యని ఫోనులో ఒక్క వ్రేలు తాకించినంతనే ఒప్పందమగు కాలమిది, ఐ.టి. చట్టపు 10ఎ సెక్షను అట్టి ఒప్పందమును చెల్లుబాటు చేసినది. అయితే భూమి క్రయమునకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము నేటికిని అవసరమే. వీలునామాకు ఐ.టి. చట్టము వర్తింపదు. అది కాగితముమీదనే వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకములు పెట్టింపవలెను.