పని లేని దినములకును పనివేళలు ఉండవలెను
(మన సంఘపు కుందలహళ్ళి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగము పోయిన యువకుడు ఉదయముననే క్యారియరు పట్టుకొని యథాప్రకారము ఇల్లు వెడలును. పగలంతయు ఏ పార్కులోనో, ఏ అంగడివీధిలోనో గడపి పొద్దుగూకిన పిదప తిరిగి వచ్చును. కన్నవారికి కొన్ని దినములవరకు సంగతి తెలియదు. తెలిసిన పిదప వారును దానిని బంధువులకు తెలియనీయరు. ఇట్టి ఇండ్లు మన వీధులలో లేవని మనలో ఎవరును చెప్పజాలరు. నిరుద్యోగ దినములను గూర్చి మాటాడునపుడు మేము ముందుగ ఈ దాపరికమునే ప్రస్తావింపవలసి యున్నది. ఏలయన, అది మనిషి పగటిని చెరచును. పని దొరకు దారినిగూడ మూసివేయును.

మన చుట్టుపట్ల పని పోవుట క్రొత్త కాదు. మనము నిత్యము దాటుచుండు గ్రాఫైట్ ఇండియా కూడలికి ఆ పేరు తెచ్చిన కర్మాగారము 2019లో మూతపడినది. ఒకనాడు ఇంటింట కనబడిన హెచ్.ఎం.టి. చేతిగడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిశ్చయించినది. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అచ్చట తరతరములుగ పనిచేసిన తమిళ, తెలుగు కుటుంబములవారు పలువురు వేకువనే రైలెక్కి, వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురముల మీదుగ బెంగుళూరునకు పనికి వచ్చుట అలవరచుకొనిరి. సాఫ్టువేరు రంగమునను 2008-09 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభమునందును, మరల 2022 చివరనుండి 2023లోను ఎందరో ఉద్యోగములు కోల్పోయిరి. వీరందరును చేతకానివారై పని పోగొట్టుకొనలేదు. కావున ఇందు తలవంచుకొనవలసిన దేమియు లేదు.

'ఉద్యోగం పురుషలక్షణం' అని మనవారు తరచుగ అందురు. పని లేనివానికి ఆ మాట ములుకువలె తగులును. కాని సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక. భారతమున ఉద్యోగపర్వమునకు ఆ పేరు వచ్చినది సన్నాహమువలననే గాని జీతమువలన కాదు. ఈ అర్థమున చూచినచో, పని వెదకుచున్న పురుషుడును, స్త్రీయును ఉద్యోగులే. ఆ ప్రయత్నమునకు వేళలు ఏర్పరచుకొనుట మాత్రము మిగిలి యున్నది.

వేళలు తప్పినచో ఏమగునో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. ఆస్ట్రియా దేశమున వియన్నా సమీపముననున్న మారియెంతాల్ గ్రామమున ఆర్థికమాంద్య కాలమందు బట్టలమిల్లు మూతపడి, ఇంచుమించు ఊరంతయు పని కోల్పోయెను. మరియా యహోడా మొదలగు పరిశోధకులు అచ్చటి జీవనమును పరిశీలించి 1933లో గ్రంథము ప్రకటించిరి. తీరిక పెరిగినది కదా, చదువు పెరిగియుండునని మనము తలతుము. కాని 1929 నుండి 1931 నాటికి కార్మికుల గ్రంథాలయమునుండి తీసికొనిపోవు పుస్తకముల సంఖ్య సుమారు సగమునకు పడిపోయెను. పురుషులలో పెక్కుమంది గడియారము ధరించుట మానిరి. వీధిలో నడచునపుడు మాటిమాటికి ఆగుచుండిరి. ఇంటిపని తప్పని స్త్రీలు మాత్రము వడిగనే నడచుచుండిరి. తీరిక ఎక్కువైనకొలది దినము చేజారిపోవునని దీనివలన గ్రహింపవచ్చును.

కావున ఉద్యోగము పోయిన మరునాడే దినచర్య వ్రాసికొనవలెను. లేచు వేళను, స్నానము వేళను మార్చరాదు. ఉదయము తొమ్మిదినుండి పన్నెండువరకు దరఖాస్తులకు కేటాయింపవలెను. ఒక పుస్తకమున తేదీ, సంస్థ పేరు, మాటాడిన వ్యక్తి, వచ్చిన జవాబు, మరల విచారింపవలసిన తేదీ వ్రాసి యుంచవలెను. జవాబు మన చేతిలో లేదు. దరఖాస్తు మన చేతిలో నున్నది. కావున 'ఈ వారము ఎన్ని ఉద్యోగములు వచ్చినవి' అని గాక, 'ఎన్ని ప్రయత్నములు పూర్తియైనవి' అని లెక్క చూచికొనవలెను. అమెరికాలో 1994లో ప్రకటితమైన పరిశోధన యొకటి కలదు. అందు, ఉద్యోగము పోయినవారిలో తమ మనోవ్యథను కొన్ని దినములు కాగితముపై వ్రాసికొన్నవారికి ఇతరులకంటె త్వరగ పని దొరకినట్లు తేలినది.

అపరాహ్ణము విద్యకు. 2023లో మెట్రో వచ్చిన పిదప కుందలహళ్ళినుండి కబ్బన్ పార్కునకు ఒకే రైలులో పోవచ్చును. అచ్చటి కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనవచ్చును. మనవారికి కన్నడమును తెలుగును రెండును చక్కగ వచ్చును. క్రొత్తగ వచ్చినవారికి కన్నడము నేర్పినను, పిల్లలకు లెక్కలు చెప్పినను కొంత రాబడి కలుగును. మన అవసరము మరియొకరికి కలదను ధైర్యమును కలుగును. సాయంకాలము ఆరు దాటిన పిదప వెదకులాట కట్టిపెట్టవలెను. ఆదివారము సెలవు. ఉద్యోగమిప్పింతుమని ముందుగ డబ్బు అడుగువారిని మాత్రము ఏ వేళనైనను నమ్మరాదు.

ఇక చెప్పుకొనుట. అడగనిదే అమ్మయినను పెట్టదు. మార్క్ గ్రానోవెటర్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన వ్యాసమున, పరిచయస్థుల మూలమున ఉద్యోగము పొందినవారిని ప్రశ్నించిన ఫలితములు కలవు. తరచుగ కలిసికొను మిత్రులవలన పొందినవారు నూటికి సుమారు 17 మంది మాత్రమే. తక్కినవారికి ఎప్పుడో ఒకప్పుడు కనబడు పరిచయస్థులే దారి చూపిరి. కారణము సుళువు: మన ఆప్తులకు తెలిసినది మనకును తెలిసియే యుండును, దూరపు పరిచయస్థునికి వేరు లోకము తెలియును. ఉగాదికో, పెండ్లిలోనో, ఈ సంఘపు సభలోనో కనబడువారే అట్టివారు. వారివద్ద సంగతి దాచినవాడు తన తలుపు తానే మూసికొన్నవాడగును.

ఇంటి పెద్దలకును ఒక మనవి. ప్రతి సాయంకాలము 'ఏమైనది?' అని అడుగవలదు. ఆ ప్రశ్నకు వెరచియే బిడ్డ పార్కులో కూర్చుండును. వారమునకొకసారి స్థిమితముగ కూర్చుండి, చేతనున్న ధనమెంత, ఇంటి ఖర్చెంత, ఎన్ని నెలలు గడచును అని కలిసి లెక్కించుడు. లెక్క తేలిన భయము సగము భయమే.

సంఘ సభ్యులకు మా సూచన ఇది. ఇకపై ప్రతి సమావేశమున పావుగంట ఇందులకు కేటాయింతము. పని కావలసినవారు లేచి, తమకు ఏ పని వచ్చునో సూటిగ చెప్పుదురుగాక. తమ సంస్థలలో ఖాళీలు తెలిసినవారు తెలుపుదురుగాక. సభలో లేచుటకు సంకోచించువారు కార్యవర్గమునకు చీటి వ్రాసి ఇచ్చినను చాలును. మొదట ఒకరు లేచినచో రెండవవారికి ధైర్యము కలుగును. ఆ మొదటివారు లేచినపుడు సభలో ఎవరును జాలిచూపులు చూడక, తమకు తెలిసిన ఒక్క పేరైనను చెప్పవలెనని ప్రార్థించుచున్నాము.