కేటాయింపు చాలదు, ఖర్చు లెక్క కావాలి
(ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా బడ్జెట్ వెలువడిన మర్నాడు మైనారిటీ సంక్షేమానికి ఎన్ని కోట్లు కేటాయించారన్నదే మనం చర్చించుకుంటాము. కేటాయింపు కేవలం అంచనా. అవే పత్రాలలో సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం కూడా అచ్చవుతాయి. ఆ మూడో అంకెను చూడకుండా మొదటి అంకెను మెచ్చుకున్నా, నిందించినా తొందరపాటే. స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే విద్యార్థి అంచనాతో ఫీజు కట్టలేడు.

ప్రభుత్వం లెక్కలను ప్రభుత్వమే సరిచూసుకుంటే చాలదని రాజ్యాంగ నిర్మాతలు గ్రహించారు. అందుకే 148వ అధికరణం కింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవిని నెలకొల్పి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికున్నంత రక్షణ కల్పించారు. 151వ అధికరణం ప్రకారం ఆయన నివేదికలు గవర్నర్ ద్వారా శాసనసభ ముందుకు రావాలి. అయితే కాగ్ తనిఖీ ప్రధానంగా ఖర్చు జరిగిన తరువాతే. అంచనాల దశలోనే నిజానిజాలు తేల్చే స్వతంత్ర ఆర్థిక మండలి ఉండాలని ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో సూచించినా, అది ఏర్పడలేదు.

రాజధానుల మాట అటుంచితే, ఈ అడవి అంచునే మనకొక పాఠముంది. షెడ్యూల్డు ప్రాంతాలలో పంచాయతీ చేసిన ఖర్చుకు గ్రామసభ వినియోగ ధ్రువీకరణ ఇవ్వాలని 1996 నాటి పెసా చట్టం నిర్దేశించింది. 2005 ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీని గ్రామసభకే అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే దానిని ఆరంభించి దేశానికి దారి చూపింది. మస్టర్ రోలును బహిరంగంగా చదివించి, చేయని పనిని చేయలేదని కూలీ చెప్పగలిగే సభ అది.

మైనారిటీ నిధులకు అటువంటి సభ ఎక్కడుంది? ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధికి తెలంగాణలో 2017 నాటి చట్టముంది. ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి చేర్చాలని అది చెబుతుంది. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో 12.7 శాతమున్న ముస్లిములకు అటువంటి చట్టం లేదు. దానిని కోరడమంటే దళితుల, ఆదివాసీల వాటాను ఆశించడం కాదు. వారు పోరాడి సాధించిన మార్గంలో నడవడం.

హజ్రత్ ఉమర్ (రజి) ధరించిన వస్త్రం అందరి వాటా కంటే పెద్దదిగా ఉన్నదేమని ఒక సామాన్యుడు నిలదీస్తే, ఆయన ఆగ్రహించక కుమారుని చేత సాక్ష్యం చెప్పించారని వింటూ పెరిగాము. ప్రజాధనం అమానత్.

కనుక ప్రతి మొహల్లా నుంచి చదువుకున్న యువతీ యువకులు ముందుకు రావాలి. మంజూరైనది ఎంత, విడుదలైనది ఎంత, లబ్ధిదారునికి చేరినది ఎంత అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజులలో రావలసిన ఆ జవాబును అందరి ఎదుటా చదవాలి. అంతకు ముందు మన మస్జిదుల జమాఖర్చులను మనమే గోడకు అతికించాలి. లెక్క అడిగేవారు లెక్క చెప్పడానికీ సిద్ధంగా ఉండాలి.