కిటికీ అవతలి చెట్టు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, నగర శివారు ఆసుపత్రి ఒకదానిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లను ఒకే వరసలోని గదుల్లో ఉంచేవారు. గదులన్నీ దాదాపు ఒకే తీరు. చూసుకునే నర్సులూ వాళ్లే. తేడా అంతా కిటికీలో ఉంది. కొన్ని గదుల్లోంచి చెట్ల గుంపు కనిపించేది, కొన్నిట్లోంచి ఇటుక గోడ. ఏది ఖాళీ అయితే అది ఇచ్చేవారు తప్ప ఎవరికి ఏ గదో ముందుగా అనుకునేది లేదు.

రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు ఆ ఆసుపత్రిలోని 1972 నుంచి 1981 వరకు ఉన్న కేసు షీట్లు తిరగేశాడు. వయసు, బరువు, ఆడా మగా, పొగ తాగే అలవాటు వంటివి కలిసేలా చూసి 23 జతలు కుదిర్చాడు. ఆకు రాలి చెట్లు మోడుగా నిలిచే నెలల కేసులను పక్కన పెట్టాడు. చెట్లవైపు పడుకున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు. గోడవైపు వాళ్లకు 8.70 రోజులు పట్టింది. ఘాటైన నొప్పి మందులు గోడవైపే ఎక్కువ ఖర్చయ్యాయి. అన్నిటికన్నా ఆసక్తికరమైనవి నర్సుల నోట్సు. దిగులుగా ఉందనో, ఏడ్చిందనో, బాగా ధైర్యం చెప్పాల్సి వచ్చిందనో రాసిన మాటలు గోడవైపు రోగికి సగటున 3.96 ఉంటే, చెట్లవైపు రోగికి 1.13 మాత్రమే. ఇదంతా 1984లో ‘సైన్స్’ పత్రికలో రెండు పేజీల వ్యాసంగా వచ్చింది. ఆసుపత్రి భవనాల నమూనాలు గీసేవాళ్లు ఇప్పటికీ ఆ రెండు పేజీలను వదలరు.

అల్రిచ్ యౌవనారంభంలో మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టాడు. ఆ రోజుల్లో కిటికీలోంచి కనిపించే ఒక పైన్ చెట్టే తనకు తోడుగా ఉండేదని తరవాత చెప్పుకున్నాడు. పరిశోధకుడు సొంత గాయంలోంచే ప్రశ్న తెచ్చుకోవడం కొత్త కాదు. మెచ్చుకోవలసింది ఏమిటంటే, జవాబు విషయంలో ఆయన అతి చేయలేదు. ఇటుక గోడ మరీ నిస్సారమైన దృశ్యమనీ, దాని బదులు సందడి వీధి కనిపించి ఉంటే ఫలితం ఇలాగే ఉండేదని అనలేమనీ ఆయనే రాశాడు. నిజానికి ఉన్నది 46 మంది, ఒకే ఆసుపత్రి, ఒకే ఆపరేషన్.

ఈ జాగ్రత్త ఎందుకో తెలుగు నేలకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు దాన్ని నిలబెట్టాడు. క్షయకు మందు లేని కాలమది. పొడి గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, ఇవే చికిత్స. తరవాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరీక్షలో కొందరిని శానిటోరియంలో పెట్టి, మరికొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి, రెండు గుంపులకూ అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. కొండగాలి క్షయ క్రిమిని చంపదని తేలిపోయింది. కుంగుబాటుకు మాత్రలు వాడుతున్న మనిషిని అవి మానేసి అడవిలో నడవమని సలహా ఇచ్చేవాళ్లు ఈ మద్రాసు పరీక్షను ఒకసారి చదవాలి.

అలాగైతే చెట్టు చేసే పనేమిటి?

మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచెల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు దీనికి ఒక జవాబు చెప్పారు. ట్రాఫిక్‌లో బండి నడిపేవాడు, ఖాతా లెక్కలు సరిచూసేవాడు, పరీక్షకు చదివే పిల్ల, వీళ్లంతా చూపును ఒకచోట నిలబెట్టడానికి మిగతా వాటన్నిటినీ బలవంతాన పక్కకు తోస్తూనే ఉండాలి. ఆ తోసే శక్తికి అలుపు ఉంది. అది అలిసినప్పుడే తప్పులు దొర్లుతాయి, చిన్న మాటకే కోపం వస్తుంది. గాలికి కదిలే ఆకులు, నీటి మీద తళుకు, కొమ్మ మారే పిట్ట చూపును పిలుస్తాయి గాని కట్టిపడేయవు. ఫోన్ తెర దీనికి సరిగ్గా ఎదురు. చూపు ఏ బలవంతమూ లేకుండా తిరిగినంతసేపూ అలిసిన శక్తి తేరుకుంటుందని వాళ్ల వాదం.

ఆ వాదాన్ని అదే విశ్వవిద్యాలయంలో మార్క్ బెర్మన్, ఆయన సహచరులు పరీక్షకు పెట్టారు. కొందరు విద్యార్థులను దాదాపు 50 నిమిషాలు నడిపించారు, ఒకసారి చెట్ల తోటలో, మరోసారి ఆన్ ఆర్బర్ పట్టణం నడిబొడ్డున. నడకకు ముందూ తరవాతా అంకెల వరస ఒకటి వినిపించి వెనక నుంచి అప్పజెప్పమన్నారు. తోటలో నడిచి వచ్చినప్పుడు ఆ పనితనం ఐదో వంతు దాకా పెరిగింది. ఊళ్లో నడిచినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2008లో వెలువడిన ఈ వ్యాసంలో ఒక తమాషా ఉంది. కొందరు గడ్డకట్టే చలిలో నడిచారు, ఆ నడక వాళ్లకు ఏమంత హాయిగా లేదు. అయినా మేలు మాత్రం జరిగింది. అంటే చెట్టు చేసే ఉపకారం ఆనందించినవాళ్లకే పరిమితం కాదు.

మనసు పుండును కెలుక్కునే అలవాటు సంగతి వేరు. జరిగిపోయిన అవమానాన్ని, సమయానికి అనలేకపోయిన మాటను రాత్రంతా నెమరేసుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం 38 మందిని రెండు భాగాలు చేసి 90 నిమిషాలు నడిపింది, సగం మందిని ఓక్ చెట్ల పచ్చిక మీద, సగం మందిని వాహనాలు దూసుకుపోయే పెద్ద రోడ్డు పక్కన. పచ్చిక మీద నడిచినవాళ్లలో ఆ నెమరు తగ్గింది. దానితో ముడిపడిన మెదడు భాగంలో చురుకూ తగ్గిందని 2015లో ప్రకటించారు.

జపాన్ అటవీ శాఖ 1982లో ‘షిన్‌రిన్ యోకు’, అంటే అడవి స్నానం, అన్న మాటను వాడుకలోకి తెచ్చింది. ఈ మాట వినగానే కార్తీక వనభోజనాలను గుర్తు చేసి, మన పెద్దలకు ఇవన్నీ ఏనాడో తెలుసని గర్వపడేవాళ్లు ఉన్నారు. పెద్దలు ఉసిరిచెట్టు కిందికి వెళ్లింది ఒత్తిడి తగ్గించుకోవడానికి కాదు, పుణ్యానికీ పులిహోరకీ. మేలు జరిగితే అది కొసరు. ఇప్పటి వనభోజనాల్లో పెద్ద పెద్ద స్పీకర్ల మధ్య ఆ కొసరు మిగులుతుందా అన్నది వేరే చర్చ.

ఎంతసేపు అన్న ప్రశ్నకు ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాధానాల నుంచి 2019లో ఒక అంకె వచ్చింది: వారానికి 120 నిమిషాలు. ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదట. ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అన్న అనుమానం ఇలాంటి సర్వేలను ఎప్పుడూ వెంటాడుతుంది. పైగా ఆ నిమిషాలు చల్లని దేశపు నిమిషాలు. మే నెలలో రెంటచింతలలో మధ్యాహ్నం ఎవరినైనా ఆరుబయట నడవమంటే అది వైద్యం అనిపించుకోదు. ఇక్కడ కావలసింది నీడ. వేప, కానుగ, రావి కింద, పనికి పోయే దారిలో, కూర్చోగలిగిన నీడ.

ఆ అనుమానానికి తావివ్వని పరీక్ష ఒకటి ఫిలడెల్ఫియాలో జరిగింది. పాడుబడి చెత్త పేరుకున్న 541 ఖాళీ స్థలాలను చీటీ తీసినట్టు మూడు రకాలుగా విడగొట్టారు. కొన్నిట్లో చెత్త ఎత్తి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, పొట్టి కర్ర కంచె కట్టారు. కొన్నిట్లో చెత్త మాత్రం ఎత్తారు. కొన్నిటిని ముట్టుకోలేదు. చుట్టుపక్కలవాళ్లను ముందూ తరవాతా అడిగారు. పచ్చబడిన స్థలాల దగ్గర కుంగిపోయినట్టుందని చెప్పేవాళ్లు 41.5 శాతం తగ్గారు. పేదల వాడల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ. చెత్త ఎత్తి ఊరుకున్నచోట చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ఒక్కో స్థలానికి అయిన ఖర్చు సుమారు 1,600 డాలర్లు, ఆ తరవాత ఏడాదికి 180 డాలర్ల నిర్వహణ. పర్వతాలకు పోలేదు, అభయారణ్యాలకు పోలేదు. ఇంటి ఎదుటి జాగా బాగుపడింది, అంతే.

తెలుగు నగరాల్లో పచ్చదనం కొరత కన్నా అది ఎవరి కంటికి ఆనుతుందన్నదే అసలు పేచీ. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు దాదాపు 390 ఎకరాలు. దాని చుట్టూ నడిచే భాగ్యం ముందుగా జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాళ్లది. చెరువు కనిపించే ఫ్లాటుకు బిల్డరు ఎక్కువ ధర చెబుతాడు. అల్రిచ్ పేరు వినకపోయినా ఆయన సిద్ధాంతం బిల్డరుకు కంఠతా వచ్చు. 2015లో మొదలైన తెలంగాణకు హరితహారం వంటి పథకాల్లో నాటిన మొక్కలకు లెక్క రాశారు. ఏ వార్డు మంచం మీంచి, ఏ బస్తీ గుమ్మంలోంచి ఏ చెట్టు కనిపిస్తుందో కూడా ఒక గడి గీసి రాయవచ్చు.

ఆ లెక్క ఆసుపత్రి ఆవరణలోనే మొదలుపెట్టవచ్చు. జిల్లా ఆసుపత్రుల్లో రోగితో వచ్చినవాళ్లు పగలంతా ఉండేది ఆరుబయటి చెట్టు కిందనే. తువ్వాలు పరుచుకుంటారు, క్యారియరు విప్పుతారు, కొమ్మకు సంచి తగిలిస్తారు, పైనుంచి కబురు వచ్చేదాకా ఆ ఆకుల్లోకి చూస్తూ కూర్చుంటారు. కొత్త బ్లాకు కట్టేటప్పుడు పార్కింగు కోసం మొదట కొట్టేసేది కూడా తరచు ఆ చెట్టునే.