పని మానకుండా పెద్ద చదువు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఉద్యోగం చేసుకుంటూ నాయకత్వం మీద పీజీ చదవడం గురించి మాట్లాడమని కార్యవర్గం మమ్మల్ని అడిగింది. "మేము" అంటే ఒక్కరు కాదు. జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం వైపు పగలు ఆఫీసులోనో, బడిలోనో, కొట్లోనో, మగ్గం మీదో పనిచేసి, రాత్రి అన్నాలయ్యాక పుస్తకం తీసే నేత కుటుంబాల వాళ్ళం. ఎంబీఏ వాళ్ళున్నారు, గ్రామీణాభివృద్ధిలో ఎంఏ వాళ్ళున్నారు, ప్రభుత్వ పాలన చదివేవాళ్ళున్నారు. పేర్లు వేరైనా పుస్తకాల్లో సగం సంగతి ఒకటే: పదిమందితో ఒక పని ఎలా చేయించాలి, ఎలా చేయాలి.

మమ్మల్ని ఎక్కువమంది అడిగేది, "నాయకత్వం పుట్టుకతో రావాలి గానీ చదివితే వస్తుందా?" అని. మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో ఉంది. నేతగాడి కొడుకు పుట్టగానే నాడె విసరలేదు కదా. ముందు కండెలు చుట్టాడు, తెగిన పోగు అతకడం నేర్చాడు, పడుగు దగ్గర నిలబడి చూశాడు, నాన్న చేత తిట్లు తిన్నాడు. ఆ తర్వాతే మగ్గం ఎక్కాడు. చేత్తో చేసే పనికి ఇన్నేళ్ళ అభ్యాసం కావాలని ఒప్పుకునే మనం, నలుగురిని నడిపించే పనికి మాత్రం అభ్యాసం అక్కర్లేదంటే ఎలా?

ఇక రెండో ప్రశ్న, "ఉన్న ఉద్యోగం చాలదా, ప్రమోషన్ కోసమా?" అని. కొందరికి ప్రమోషన్ కోసమే. అందులో తప్పేమీ లేదు, ఇంటికి నాలుగు రూపాయలు ఎక్కువొస్తే ఎవరికి చేదు? కానీ ఈ సభలో చెప్పదలచుకున్నది వేరే.

పాఠాల్లో మమ్మల్ని బాగా పట్టుకున్నది ఒక పాత పరిశోధన. 1939లో కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే ముగ్గురు అమెరికాలో పదేళ్ళ మగపిల్లల జట్లతో చేశారు. పిల్లల చేత మాస్కుల తయారీ లాంటి చేతిపనులు చేయించారు. ఒక రకం జట్టులో పెద్దాయన అంతా తానే చెప్తాడు, ఎవరేం చేయాలో ఆయనే తేలుస్తాడు. ఇంకో రకంలో పిల్లలతో మాట్లాడి, కలిసి తేల్చుకుంటారు. మరో రకంలో పెద్దాయన ఉన్నా లేనట్టే, ఎవరిష్టం వాళ్ళది. మొదటి జట్టులో పని బాగానే సాగింది, పెద్దాయన గదిలో ఉన్నంతసేపు. ఆయన బయటికి వెళ్ళగానే పని పడిపోయింది. కలిసి తేల్చుకున్న జట్టులో ఆయన వెళ్ళినా పని దాదాపు అలాగే నడిచింది.

ఇది చదివినరోజు మాలో చాలామందికి గుర్తొచ్చింది మన సంఘాలే. ఒక పెద్దమనిషి ఉంటాడు. నిజాయితీపరుడు, కష్టపడతాడు. నూలు ఎక్కడ దొరుకుతుందో, ఏ షావుకారుకి ఎంత బాకీయో, ఏ ఆఫీసులో ఏ కాగితం ఆగిందో అన్నీ ఆయన తలలోనే. ఆయన మంచాన పడ్డరోజు సంఘమూ పడుకుంటుంది. ఆయన్ని తప్పుబట్టడం లేదు, ఆయన లేకపోతే ఇన్నాళ్ళు నడిచేదే కాదు. కానీ ఆ తలలో ఉన్నది పుస్తకంలోకి, పుస్తకంలోంచి పదిమంది తలల్లోకి రావాలి. అది మంచితనంతో ఒక్కదానితోనే జరగదు, పద్ధతి తెలియాలి. మేము నాయకత్వం చదువు అంటున్నది ఆ పద్ధతినే. మైకు పట్టుకుని మాట్లాడటాన్ని కాదు (అది మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు).

కాగితాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన పక్కనే కోట్‌పాడ్ ఉంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరుతో ఎరుపు రంగు అద్ది నేసే బట్టకు 2005లో జీఐ గుర్తింపు వచ్చింది. 2018లో అక్కడి గోవర్ధన్ పణికా గారికి పద్మశ్రీ వచ్చింది. మనందరికీ గర్వం. అయితే జీఐ అంటే గోడకు తగిలించుకునే పటం కాదు. ఆ రిజిస్ట్రేషన్ పదేళ్ళకే, మళ్ళీ పొడిగించుకోవాలి. ఆ పేరు వాడుకుని అమ్ముకోవాలంటే నేసేవాళ్ళు అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఏ ఊరి గుర్తింపుకైనా ఇదే లెక్క. తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఫారం ఎవరు నింపుతారు? మరమగ్గం మీద నేసిన బట్టకి చేనేత అని చీటీ అంటించి అమ్ముతుంటే, కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఒకటి ఉందని, అందులో 11 రకాలున్నాయని ఎవరు చూపిస్తారు? బయటివాళ్ళు చదివిపెడితే, వాళ్ళు చదివినంతే మనకి తెలుస్తుంది. సంతకం పెట్టమన్నచోట పెడతాం. ఇంతకాలం జరిగింది చాలావరకు అదే.

అందుకే పని మానకుండా చదవడం మనకు నప్పుతుందని మా నమ్మకం. ఉద్యోగం మానేసి రెండేళ్ళు పెద్ద ఊళ్ళో చదివే స్తోమత ఎలాగూ తక్కువమందికే. కానీ స్తోమత ఉన్నా ఈ దారే మంచిదంటాం. ఆదివారం చదివిన పాఠం సోమవారం సంఘం ఆఫీసులో పరీక్షకు నిలుస్తుంది. పుస్తకంలో ఉదాహరణలన్నీ కార్ల ఫ్యాక్టరీవి, నెలజీతాలవి. మనదేమో ముక్కకు కూలి. జీతగాడిని ఉత్సాహపరచడం గురించి రాసినది, పనిలేని వారం కూలే లేనివాడికి ఎంతవరకు పనికొస్తుంది? ఆ ప్రశ్న కాలేజీ హాస్టల్లో కూర్చున్నవాడికి తట్టదు. మగ్గం చప్పుడు వింటూ చదివేవాడికి మొదటి పేజీలోనే తడుతుంది.

ఇప్పుడు కష్టం సంగతి. దాన్ని దాచి, రండి రండి అని పిలవడం మాకిష్టం లేదు.

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకి 120 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున చూస్తే 15 రోజుల మగ్గం పని. ఏడాదికి నాలుగే పేపర్లు పెట్టుకున్నా 480 గంటలు, అంటే రోజూ గంటా ఇరవై నిమిషాలు. పండగ, పెళ్ళి, చావు, జ్వరం, కరెంటు కోత ఏదీ మినహాయించకుండా. రెండేళ్ళ కోర్సుని నాలుగేళ్ళలోపు పూర్తి చేసుకునే వెసులుబాటు ఇచ్చారు గనక బతికాం. ఆ వెసులుబాటు వాడుకోవడం చేతకానితనం కాదని కొత్తగా చేరేవాళ్ళకి చెప్తున్నాం.

పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఆ తేదీలు పెట్టినవాళ్ళకి నేతగాడి ఏడాది తెలియదు. డిసెంబర్ అంటే సంక్రాంతి గిరాకీకి బట్ట దించాల్సిన నెల. జూన్‌లో వాన పడితే బయట పడుగు పరిచి గంజి పెట్టడానికి ఉండదు, పెట్టినా ఆరదు, ఎండ కనిపించిన పూట ఇంటిల్లిపాదీ పరిగెత్తాలి. ఆ పూటే పరీక్ష ఉంటుంది.

అసలు మాట ఇక్కడుంది. ఆ 480 గంటలు ఆకాశంలోంచి రాలవు. ఎవరో ఒకరి దగ్గర్నుంచి వస్తాయి. మగవాడు చదువుతుంటే అతని కండెలు భార్య చుడుతుంది, అతని పడుగు తమ్ముడు సరిచేస్తాడు, పిల్లల్ని అమ్మ చూస్తుంది. ఇంట్లో "చదువుకుంటున్నాడు, కదిలించకండి" అంటారు. అదే ఆడమనిషి చదువుతుంటే ఆ మాట ఎన్ని ఇళ్ళల్లో వినిపిస్తుంది? ఆమె వంట ఆమెదే, కండెలు ఆమెవే, పుస్తకం ఆ తర్వాత. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవాళ్ళు 35 లక్షలకు పైగా. నేతపనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. పని ఇంతగా వాళ్ళ చేతుల్లో ఉండి, సంఘం కుర్చీల్లో ఎంతమంది ఉన్నారో ఈ వేదిక మీదే లెక్కపెట్టుకోవచ్చు. పెద్దలు ఏమనుకోకూడదు.

భాష ఇంకో గోడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా. ఇక ఎంబీఏ పుస్తకాలు ఇంగ్లీషులో. కొన్ని ఎంఏలు హిందీలోనూ ఉన్నాయి, మనకి అది నాలుగో భాష, అయిదో భాష. మా పద్ధతి ఏమిటంటే, ఒకరు చదివి ఫోన్‌లో మిగిలినవాళ్ళకి తెలుగులో చెప్పడం. వాట్సాప్‌లో పది నిమిషాల వాయిస్. ఒడియా బాగా వచ్చినవాళ్ళు ఒడియాలోనూ చెప్తారు. చెప్పినవాళ్ళకే ఎక్కువ అర్థమవుతుందని త్వరలోనే తెలిసింది, ఇప్పుడు చెప్పడానికి పోటీ.

ఆచరణలో పనికొచ్చే కొన్ని ముక్కలు. కోరాపుట్‌లోనే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది, పనులకి భువనేశ్వర్ దాకా పోనక్కర్లేదు. అడ్మిషన్లు జనవరి, జూలై. నేత కుటుంబాల్లో ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకి, స్త్రీలకి ఇగ్నో ఫీజులో 75 శాతం కేంద్ర జౌళి శాఖ భరించే ఏర్పాటు ఉంది. నేతగాళ్ళ గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని, ఈ ఏడాది నిబంధన ఎలా ఉందో వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కోండి. దూరవిద్య డిగ్రీ తక్కువదేమో అన్న బెంగ వద్దు. గుర్తింపు ఉన్న సంస్థలో దూరవిద్య ద్వారా పొందిన డిగ్రీ, రోజూ కాలేజీకి వెళ్ళి పొందినదానితో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. "గుర్తింపు ఉన్న" అన్నమాట గుర్తుంచుకోండి. ఆర్నెల్లలో పీజీ ఇప్పిస్తాం, పరీక్ష కూడా మేమే రాయిస్తాం అని ఇంటికొచ్చే ఏజెంటుకి మంచినీళ్ళిచ్చి పంపేయండి. యూజీసీ దూరవిద్య జాబితాలో పేరు లేని చోట రూపాయి కట్టొద్దు. ఉద్యోగస్తులు చేరకముందే ఆఫీసుకి కాగితం పెట్టి అనుమతి తీసుకోండి, తర్వాత సర్వీసు రికార్డులో ఎక్కించుకునేటప్పుడు ఆ కాగితమే అడుగుతారు.

జయపురంలో నిలబడి చదువు గురించి మాట్లాడుతూ మహారాజా విక్రమదేవ వర్మ గారిని తలవకపోతే బాగుండదు. ఈ ప్రాంతం 1936 దాకా మద్రాసు రాజధానిలో విశాఖ జిల్లాలో ఉండేది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అక్కడి సైన్స్ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఇక్కడ మన ఊరి కాలేజీ కూడా ఇప్పుడు ఆయన పేరుతో విశ్వవిద్యాలయమైంది. అప్పట్లో ఏటా లక్ష అంటే ఎంతో ఊహించుకోండి. రాజు గనక ఇచ్చాడంటారా?

అయితే రాజులు కానివాళ్ళ సంగతి వినండి. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో 1844 డిసెంబర్ 21న 28 మంది కలిసి ఒక చిన్న కొట్టు తెరిచారు. వాళ్ళలో చాలామంది నేతపనివాళ్ళు, మరమగ్గాలు వచ్చి కూలి పడిపోయినవాళ్ళు. పెట్టుబడి 28 పౌన్లు. అమ్మింది పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు. ఇవాళ ప్రపంచంలో సహకార సంఘాలన్నీ తమ నియమాలకు మూలంగా ఆ కొట్టునే చెప్పుకుంటాయి. వాళ్ళు కొన్నాళ్ళకి చేసిన ఏర్పాటు ఒకటుంది. మిగులులో రెండున్నర శాతం సభ్యుల చదువుకని పక్కన పెట్టారు. కొట్టు మీది గదిలో పత్రికలు, పుస్తకాలు పెట్టారు. పగలంతా పనిచేసి వచ్చినవాళ్ళు సాయంత్రం అక్కడ కూర్చుని చదివేవారు. మన దేశంలో 2025లో సహకార రంగానికని గుజరాత్‌లోని ఆణంద్‌లో త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయం పెట్టారు. మంచిదే. కానీ ఆణంద్ మనకి దూరం, కొట్టు మీది గది దగ్గర.

కాబట్టి కార్యవర్గం ముందు మూడు కోరికలు పెడుతున్నాం. సమాఖ్య మిగులులో రెండున్నర శాతం చదువు నిధిగా తీర్మానం చేయండి. స్కాలర్‌షిప్ అని దండ వేసి ఫోటో తీసే డబ్బుగా కాదు, పరీక్షల నెలలో మగ్గం దిగినవాళ్ళకి ఆ పదిహేను రోజుల కూలిగా ఇవ్వండి. ఫీజు ఎక్కడో అక్కడ తెస్తాం, పోయిన కూలే తేలేకపోతున్నాం. రెండోది, సంఘం ఆఫీసు గది సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా చదువుకి వదలండి, ఒక లైటు, ఒక ఫ్యాను చాలు. మూడోది, చదువుతున్నవాళ్ళని సంఘం లెక్కల దగ్గర, మహాసభ కాగితాల దగ్గర కూర్చోనివ్వండి. ఓటు అక్కర్లేదు, చూడనిస్తే చాలు. పడుగు దగ్గర నిలబడి చూసినట్టే.

మొదటి ఏడాది కూలి నిధిలో సగం స్త్రీలకని మేమే అనుకున్నాం. మాలో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు గొణిగారు, తర్వాత ఒప్పుకున్నారు.

బయట టీ బల్ల పక్కన ఒక నోట్‌బుక్ పెట్టాం. జూలై అడ్మిషన్‌కి ఆలోచిస్తున్నవాళ్ళు పేరు, ఫోన్ నంబరు, డిగ్రీ ఏ సంవత్సరంలో అయిందో రాసి వెళ్ళండి. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్ళూ రాయండి, వాళ్ళతో విడిగా మాట్లాడతాం. వదినలు ముందు రాయాలి, అన్నలు కాస్త టీ తాగి రండి.

సెలవు.