తెల్ల పేజీ ముందు గుమాస్తా

కంప్యూటర్ చదువుకుంటున్న పిల్లలకూ, బడి ఆఫీసుల్లో కంప్యూటర్ పని చూసుకునేవారికీ ఈ నాలుగు మాటలు.

పిల్లల మార్కులు కూడి ఫలితాల పట్టిక తయారుచేసే ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. బొమ్మలూ బటన్లూ లేని నల్లటి కమాండ్ తెర మీద అది నడుస్తుంది. ఒక్కో పేరు పూర్తికాగానే ఒక్కో వరుస రాస్తుంది. గుమాస్తాకు ఆ నల్ల తెరతో పని లేకుండా, వెబ్ పేజీలో బటన్ నొక్కితే చాలునని పీహెచ్‌పీలో ఏర్పాటు చేశారు. ఆయన నొక్కాడు. పేజీ తెల్లగానే ఉంది. కాసేపు చూసి, ఆగిపోయిందనుకుని మళ్ళీ నొక్కాడు. ఇప్పుడు ఒకే పట్టికలో ఇద్దరు ఒకేసారి రాస్తున్నట్టే! ఎవరి మార్కులు ఎవరికి పడతాయో.

ఇందులో గుమాస్తా తప్పేమీ లేదు. షెల్ ఎగ్జెక్ అనే ఆజ్ఞ వాడితే, ప్రోగ్రాం పూర్తిగా ముగిసేదాకా ఒక్క అక్షరమూ చేతికి రాదు. దాని బదులు పీ ఓపెన్ వాడి, ఎఫ్ గెట్స్‌తో ఒక్కో వరుసా చదివి, చదివినది చదివినట్టే పేజీకి పంపాలి.

అయినా పేజీ తెల్లగానే ఉండవచ్చు. ఎందుకో తుంగభద్ర కాలువ కింద సేద్యం చేసేవారికి నేను చెప్పనక్కరలేదు. డ్యాంలో నీళ్ళు వదిలినంత మాత్రాన చివరి పొలానికి చేరవు కదా. దారిలో ఏ తూము మూసి ఉన్నా అక్కడే నిలుస్తాయి. ఇక్కడ మొదటి తూము ప్రోగ్రాంలోనే ఉంది. తెర మీదికైతే వరుస వరుసా రాసే ప్రోగ్రాం, మరో ప్రోగ్రాంకు అందించవలసి వస్తే కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా దాచుకుంటుంది. లినక్స్‌లో ఆజ్ఞకు ముందు స్టడ్‌బఫ్ అని చేర్చి వరుసకొకసారి వదలమంటే చాలా ప్రోగ్రాములు దారికొస్తాయి. రెండో తూము పీహెచ్‌పీది. అక్కడ ముందు ఓబీ ఫ్లష్, తరువాత ఫ్లష్. మూడోది వెబ్ సర్వర్. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే, ఎక్స్ యాక్సెల్ బఫరింగ్ అనే హెడర్‌లో 'నో' అని పంపాలి.

మా వైపు పిల్లల పేర్లు బడిలో కన్నడంలో రాస్తారు, ఇంట్లో తెలుగులో పిలుస్తారు. యూటీఎఫ్ 8 పద్ధతిలో రెండు లిపులకూ గుర్తుకు 3 బైట్లే. 'లక్ష్మి' అన్న పేరొక్కటే 21 బైట్లు! వరుసగా కాక, ఇన్ని బైట్లని కొలిచి చదివి పంపితే పేరు మధ్యలో తెగి చదవరాని గుర్తులు పడతాయి. అందుకే ఎఫ్ గెట్స్ అన్నాను.

పేజీలో ఎవరో రాసిన తరగతి పేరును మాత్రం నేరుగా ఆజ్ఞకు అతికించకండి. అందులో సెమీకోలన్ పెట్టి మరో ఆజ్ఞ రాస్తే, సర్వర్ దాన్నీ నడిపేస్తుంది. ఎస్కేప్ షెల్ ఆర్గ్ ఉంది గానీ, నన్నడిగితే తరగతులన్నీ ముందే జాబితాలో పెట్టి ఎంచుకోమనడం మేలు.

ఇక ఆ రెండో నొక్కు. మొదటి పని మొదలవగానే ఎఫ్ లాక్‌తో ఒక ఫైలుకు తాళం వేయండి. తాళం పడి ఉండగా ఎవరు నొక్కినా, "పని జరుగుతోంది, ఆగండి" అన్న వరుస పేజీ మీద కనిపించేలా చూడండి.