అగ్గిపుల్లలు చేసిన చర్చి

తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్ ఒకప్పుడు సారాకొట్లకీ ఇరుకు సందులకీ పెట్టింది పేరు. 1865లో విలియం బూత్ అనే క్రైస్తవ బోధకుడు అక్కడ ఓ పాత శ్మశాన స్థలంలో గుడారం వేసి బోధించాడు. భార్య కేథరిన్ కూడా బోధకురాలే. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అలా మొదలైన సంఘమే 1878లో సాల్వేషన్ ఆర్మీ అయింది.

నాకు బాగా నచ్చేది వాళ్ల అగ్గిపుల్లల ఫ్యాక్టరీ. అప్పట్లో మిగతా అగ్గిపుల్లల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరం ఆవిరి తగిలి కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1891లో బూత్ మనుషులు ఎర్ర భాస్వరంతో, మెరుగైన కూలిచ్చి పుల్లలు చేయించారు. ధర ఎక్కువ, వ్యాపారం నిలవలేదు. తెల్ల భాస్వరాన్ని నిషేధిస్తూ బ్రిటన్ 1908లో చట్టం చేసింది.

మన స్టువర్టుపురంలో బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల సెటిల్‌మెంటు నడిపిందీ ఈ సంస్థే. ఆ కథ మాత్రం అంత మెచ్చుకోదగ్గది కాదు.